మిఠాయి బోర్డు అక్షరాలు

“ఇదే రంగు, ఇదే వరుస, పైన ఈ అక్షరాలే. పేరొక్కటి మార్చెయ్యి బాబూ,” అంటూ రాజేంద్రప్రసాద్ తన ఫోన్‌ను బల్ల మీదుగా జరిపాడు.

నాగేందర్ నవ్వాడు. నిజామాబాద్‌లో ఇంటి ముందుగదిలోనే వెబ్‌సైట్లు చేసే పని మొదలుపెట్టి ఆరేళ్ళయింది. ఆ కుర్చీలో కూర్చుని ఈ మాట అననివాళ్ళు తక్కువ. ఒక బట్టల దుకాణం ఆయనైతే హైదరాబాదు వాళ్ళ సైటు చూపించి, చీర కట్టుకున్న అమ్మాయితో సహా దించెయ్యమన్నాడు.

“కొత్తగ, మీ మనసుకు నచ్చినట్టు చేసిస్త సార్. మందిది మక్కీకి మక్కీ దించుడు మాత్రం నాతోని గాదు.”

ఫోన్ చేతిలోకి తీసుకున్నాక నవ్వు ఆగిపోయింది. అది బోధన్‌లోని రాజమల్లు మిఠాయి భండార్ సైటు. దుకాణం పాత రేకు బోర్డును ఫొటో తీసి పైన పెట్టుకున్నారు. బొద్దుగా, తలకట్లు కాస్త పక్కకు వాలిన ఎర్రటి అక్షరాలు.

“సార్, ఇది మా బాపు రాసిన బోర్డు!”

గడప దగ్గర బీడీల ఆకు కత్తిరిస్తున్న నాగేందర్ తల్లి రాధాబాయి తలెత్తి చూసి, మళ్ళీ చాటలోకి వంగింది.

“మీ నాన్నగారా!” రాజేంద్రప్రసాద్ కుర్చీ అంచుకు వచ్చాడు. “చిన్నప్పుడు చెరుకు బండి మీద మా నాన్న పక్కన కూర్చుని, ఫ్యాక్టరీ ముందు వరుసలో రోజంతా ఉండేవాణ్ణయ్యా. ఎదురుగా ఈ బోర్డే. చెరుకు ముక్కతో గాల్లో ఆ అక్షరాలు రాసుకుంటూ చదవడం నేర్చాను. బళ్ళో వేసేసరికి నాకు ‘మిఠాయి’ వచ్చు, ‘అమ్మ’ రాదు. మా బెల్లం వ్యాపారం సైటుకు ఆ రాతే కావాలి.”

నాగేందర్ కళ్ళ ముందు తండ్రి రాజనర్సు కదిలాడు. ఇంటి వెనక రేకులు, రంగుల వాసన, చెవి మీద కుంచె. తను బడి నుంచి వచ్చేసరికి రేకు మీద పెన్సిల్ గీత పూర్తయి ఉండేది. తండ్రి రంగు వేస్తుంటే గోడకు ఆనుకుని చూస్తూ అన్నం తినేవాడు. ఆరిన బోర్డులు బస్సు మీదికెక్కి బోధన్ పోయేవి.

“ఒక దుకాణం రాత ఇంకో దుకాణానికి రాయలె సార్ మా బాపు. నేనూ దించ.”

“నీ తండ్రి రాతేగా! నీకు హక్కు లేదా?”

“అమ్మిన బోర్డు సార్. ఇప్పుడది వాళ్ళది. వాళ్ళనే అడుగుండ్రి.”

“అడిగాను. మా గుర్తు మాకే ఉండనీండి అన్నారు.”

“మరింకేంది సార్!”

రాజేంద్రప్రసాద్ లేచాడు. “మా బంధువుల రైసుమిల్లులు నాలుగూ నీకే చెప్పిద్దామనుకున్నాను. ఆ అక్షరాలు లేకపోతే నాకు సైటే వద్దులే.”

నాలుగు మిల్లులు. పై నెలకు చేతిలో ఒక్క పనీ లేదు. నాగేందర్ ఆ బోర్డును ఇంకోసారి కళ్ళారా చూసుకుని, ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

“ఆ చేతితోనే కొత్తగ రాయిద్దుమంటే, బాపుతోనే ఆ చెయ్యి పోయి నాలుగేండ్లాయె.”

“మీ బెల్లం పేరేంది సారూ?” రాధాబాయి గడప దగ్గర నుంచి అడిగింది.

“ఉదయలక్ష్మి బెల్లం అమ్మా. మా అమ్మ పేరు.”

“నీకెందుకే అవ్వా?” నాగేందర్ తల్లి వైపు తిరిగాడు.

“నువ్వాగురా! నీ కంప్యూటర్ల నేనేమన్న ఏలు వెడుతున్ననా?”

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని వచ్చింది. బల్ల మీది కాగితం తిరగేసి పెన్సిల్ పట్టుకుంది. కొలిచింది లేదు, చెరిపింది లేదు. బొద్దు అక్షరాలు, పక్కకు వాలిన తలకట్లు ఒక్కొక్కటే లేచాయి. మిఠాయి బోర్డులో లేని ‘ఉ’, ‘ద’, ‘క్ష్మి’ కూడా అదే ఇంటి పిల్లల్లా వచ్చి వరుసలో కూర్చున్నాయి.

“ఇదేనమ్మా... ఇదే రాత!” రాజేంద్రప్రసాద్ మళ్ళీ కూలబడ్డాడు.

నాగేందర్ ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. “బాపు రాతను ఎంత మంచిగ దించినవే అవ్వా!”

రాధాబాయి చాట ఒళ్ళోకి తీసుకుంది.

“దించుడేంది బిడ్డా, మీ బాపే నా గీతల మీద రంగు దిద్దెటోడు.”