చెయ్యి మరవలేదు

కాకినాడలో ఇప్పుడు వీధికో మరుపు కేంద్రం వెలిసింది. ఇంట్లో గొడవైతే వెళ్ళి అక్కడి కుర్చీలో కాసేపు కూర్చుంటే చాలు, ఆ గొడవను బుర్రలోంచి శుభ్రంగా తుడిచేస్తారు. పాలపేకెట్టుకి వెళ్ళొచ్చినంత పని. హైమావతికి పెద్ద తోడికోడలు భ్రమరాంబతో ఎప్పుడు గొడవైనా, వెళ్ళి తుడిపించుకునేది మాత్రం హైమావతే. భ్రమరాంబే దగ్గరుండి తీసుకెళ్ళేది.

నిన్న సాయంత్రమూ వెళ్ళొచ్చారు. అందుకే ఈ ఉదయం హైమావతికి అక్క మీద ఇసుమంత కోపం లేదు. భ్రమరాంబ పొగలు కక్కే కాఫీ గ్లాసు అందిస్తే నవ్వుతూనే చెయ్యి చాపింది. ఆ చెయ్యి దానంతటదే చటుక్కున వెనక్కి వచ్చేసింది. గ్లాసు కిందపడింది.

"ఏవిటే ఆ భయం? మళ్ళీ చేతిమీద పోస్తాననుకున్నావా?" అని కసిరింది భ్రమరాంబ. అన్నాక నాలిక కరుచుకుంది.

హైమావతి తన మణికట్టు మీది మచ్చకేసి చూసింది. గారెలు వేస్తుంటే నూనె చిందిందని చెప్పింది ఈవిడే. ఎంత తడుముకున్నా ఏమీ గుర్తు రాలేదు. చెయ్యి నేర్చుకున్న పాఠం మాత్రం ఆ కుర్చీకి అందలేదు.

"పద, ఓసారి కేంద్రానికి వెళ్ళొద్దాం," అంది భ్రమరాంబ గొంతు తగ్గించి.

"వెళ్దాం అక్కా. ఈసారి కుర్చీలో మీరు కూర్చుందురు గాని." హైమావతి స్టవ్ మీద మరుగుతున్న కాఫీ గిన్నెను పట్టకారుతో దించింది. "ముందు చెయ్యి చాపండి. సాయంత్రానికి ఎలాగూ మరిచిపోతారు."