మెరుగు

ఉదయ్ పెరట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. బకెట్లో గోరువెచ్చని సబ్బునీళ్లు. ఒక్కో గోల్ఫ్ కర్రనూ తలకిందులుగా ముంచి తీసి, దాని ఇనుప ముఖాన్ని పాత పళ్లబ్రష్షుతో తోముతున్నాడు. ముఖం మీద అడ్డంగా సన్నసన్నటి గీతలున్నాయి. వాటి దగ్గరే చాలాసేపు ఆగుతున్నాడు.

గడపలో నిలబడి కుళ్ళాయప్ప అంతా చూస్తూనే ఉన్నాడు.

తండ్రీకొడుకులకు మాటల్లేక మూడేళ్లు. హిందూపురం బజారులో కుళ్ళాయప్పది పాత్రలకు మెరుగు పెట్టే అంగడి. చదువు నాలుగో తరగతితోనే ఆగినా, ఆ అంగడిలోంచి గీతపడిన బిందె ఒక్కటీ బయటికి పోనియ్యలేదు. అట్లాంటి పనిని కాదని కొడుకు బెంగళూరు పోయి, గోల్ఫ్ మైదానంలో దొరల సంచులు మోయడానికి చేరాడు. "మోసేవాడు సచ్చేదాకా మోస్తానే ఉంటాడు, పో!" అదే తండ్రి చివరి మాట.

మోస్తూ మోస్తూనే వాడు ఆట నేర్చాడు. ఒక ముసలి దొర తన పాత కర్రలు ఇచ్చాడు. రేపు పొద్దున మైదానంలో మోసేవాళ్లకు పోటీ. గెలిచినవాడు ఆటగాడవుతాడు. అవకాశం మనిషికి ఒక్కసారే. అమ్మను చూసిపోదామని వచ్చాడు, సాయంత్రం రైలుకు పోవాలి.

"కన్నకొడుకుతో ఒక మాట మాట్లాడితే నీ నోట్లో ముత్యాలు రాలతాయా?" అంది భార్య కౌసల్యమ్మ.

"మాట్లాడేది నాకు రాదే. పని వస్తాది."

మధ్యాహ్నం సంగటి తిని ఉదయ్ కునుకు తీశాడు. కుళ్ళాయప్ప వాడి కర్రల సంచి భుజానికెత్తుకుని అంగడి దారి పట్టాడు.

"ఏమప్పా, నువ్వు గూడా మోస్తాండావే!" టీ అంగడి దగ్గర ఎవరో ఎగతాళి చేశారు.

ఆయన తల తిప్పలేదు. మోశాడు.

మిషను తిప్పి, ఒక్కో ఇనుప ముఖాన్నీ చక్రానికి అదిమి పెట్టాడు. వేళ్లు బొబ్బలెక్కాయి. రైలుకు గంట ముందు ఇల్లు చేరేసరికి, ఏ ముఖం మీదా మచ్చ లేదు, గీత లేదు. చూస్తే మన మొహం మనకు కనిపిస్తుంది.

"బ్రష్షుకు పోతాయారా అవి? ఇప్పుడు సూడు!" మూడేళ్ల తర్వాత మొదటి మాట.

ఉదయ్ ఒక కర్ర తీసి బొటనవేలితో నిమిరాడు. ఇంకోటి తీశాడు. అన్నీ తీశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమబ్బా, బాగలేదా?"

"అద్దం మాదిరి ఉండాది నాయనా" అని వంగి కాళ్లకు మొక్కాడు.

ఆ పూట కుళ్ళాయప్ప ఇంకో ముద్ద అడిగి తిన్నాడు.

ఉదయ్ ఓడిపోయాడు. మామూలుగా కూడా కాదు, అందరికంటే కింద. "నా చెయ్యే బాగలేదు నాయనా" అని ఫోన్లో అంతే చెప్పాడు. మళ్లీ సంచులు మోస్తున్నాడు.

"వాని చేతిలో పనితనం లేదప్పా" అని అంగడికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకుని కుమిలాడు కుళ్ళాయప్ప. "కట్టెల్లో లోపమా అంటే, నేనే కూర్చోని మెరుగు పెడితి!"

పోయిన వారం పెనుకొండ శ్రీనివాసులు అంగడికి వచ్చాడు. ఉదయ్‌తో పాటు బెంగళూరులో సంచులు మోసేవాడే. ఊరికి పోతూ, ఉదయ్ పంపిన మోకాళ్లనొప్పి తైలం ఇవ్వడానికి హిందూపురంలో దిగాడు. భుజాన వాడి కర్రల సంచి ఉంది. వచ్చే నెల వాడికి పోటీ.

కుళ్ళాయప్ప అందులోంచి ఒక కర్ర లాగి చూశాడు.

"ఇదేందిరా, మొహం నిండా గీతలే! ఉండు, మావోనికి చేసినట్ల ఒక్కటీ లేకుండా చేసిస్తా" అంటూ మిషను తిప్పాడు.

శ్రీనివాసులు ఒక్క ఎగురు ఎగిరి కర్ర లాక్కున్నాడు.

"సంపితివే మామా, బంతిని పట్టి గడ్డి మీద నిలిపేది ఆ గీతలే, అవి పోతే ఎంత మొనగాడైనా ఓడాల్సిందే!"