లోయలో ఇంజన్

గూడెం కొత్తవీధి ఘాటీలో చీకటి పడే వేళకి సుజానా నడిపే పాత పికప్ దగ్గి దగ్గి, ఎగిరెగిరి పడి ఆగిపోయింది. వెనక కాఫీ బస్తాలు. పక్కన వాటి ఆసామి కనకమ్మ.

"డీజిలు పంపు పోయిందన్నారు గదే మెకానిక్కులు," అంది కనకమ్మ.

"ఆళ్ళకేటి తెలుసు? డీజిల్లో గాలి సేరింది, అంతే."

సుజానా బానెట్ ఎత్తి, డీజిల్ ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, దాని పక్కనే ఉన్న బుల్లి చేతిపంపు నొక్కింది. బుడగలు బుడగలుగా గాలి పోయింది. స్క్రూ బిగించి తాళం తిప్పగానే ఇంజన్ నున్నగా అందుకుంది. ఆమె ఛాతీ పొంగింది.

అప్పుడే కింద లోయలో ఇంకో ఇంజన్ దగ్గింది. అచ్చం అలాగే.

"కింద తోవ నేదు గదే!" అంది కనకమ్మ.

సుజానా తన బండి ఆపి, చెవొగ్గి వింది. "దానికీ గాలే," అంది. అంచు దాకా వెళ్ళి కేకేసింది. "ఫిల్టరు స్క్రూ వదులు సెయ్యండి! గాలి తియ్యండి!"

దగ్గు ఆగింది. కీచురాళ్ళూ ఆగాయి. చీకట్లో ఎవరో చేతిపంపు నొక్కుతున్న చప్పుడు. తర్వాత ఆ ఇంజన్ నున్నగా అందుకుని, నిటారు కొండ మీదుగా పైకి రావడం మొదలుపెట్టింది. లైట్లు లేవు.

"బేగి రాయే, ఎలిపోదాం!" కనకమ్మ ఏడుస్తోంది.

సుజానాకూ భయమేసింది. కానీ తన మాటతో బాగుపడిన బండిని చూడకుండా వెళ్ళబుద్ధి కాలేదు. టార్చి వెలిగించి, అక్కడే నిలబడింది.