తువ్వాలు కింద బేరం

పుంగనూరు పశువుల సంతలో ధర ముందుగా నోటితో చెప్పరు. అమ్మేవాడి దళారి, కొనేవాడి దళారి చేతుల మీద తువ్వాలు కప్పుకుంటారు. ఒకరి వేళ్లు ఒకరు నొక్కి బేరమాడతారు. కుదిరాకే ధర బయటికొస్తుంది.

ఆ తువ్వాలు కింద అమ్మేవాళ్ల దళారి కదిరప్ప వేళ్లు చచ్చిపోయి చాలా నెలలయింది.

మొదట్లో వణుకు. వణికే చేయి అడగని ధర కూడా అడిగేస్తుంది. కుప్పంలో డాక్టరమ్మ రమ్యశ్రీ పార్కిన్సన్స్ అని చెప్పి మాత్రలిచ్చింది. వణుకు తగ్గింది. మెల్లగా స్పర్శ కూడా పోయింది. ఎదుటివాడు ఎన్ని వేళ్లు పట్టుకున్నాడో తెలియదు.

సంగతి పొక్కితే తన తువ్వాలులో చేయి పెట్టేవాడుండడు. తువ్వాలు లేని కదిరప్ప సంతలో ఇంకో ముసలి ఎద్దు, అంతే.

అందుకని ముఖాలు చదవడం మొదలుపెట్టాడు. ఎదురుగా ఉండేది ఎప్పుడూ వజీరే, కొనేవాళ్ల దళారి. ఒకప్పుడు వంద రూపాయల కోసం పూటంతా సతాయించిన మనిషి. కదిరప్ప అతని కనుబొమలు చూసి, ఆవు పళ్లు చూసి, ఒక ధర ఊహించి, తువ్వాలు తీసి గట్టిగా చెప్పేవాడు.

"అంతే కదప్పా?"

"అంతే," అనేవాడు వజీర్.

ఒక్కసారీ గురి తప్పలేదు. ఎదుటివాడి మనసులోకి తనకు దొడ్డిదారి ఉందని కదిరప్పకు లోలోపల గర్వం పుట్టింది. భయం మాత్రం పోలేదు. కుప్పం పోయి రక్తపరీక్ష చేయించాడు.

"మాత్రలు బాగానే పనిచేస్తున్నాయి," అంది రమ్యశ్రీ. "కానీ వాటిని అరిగించుకోవడానికి ఒళ్లు బి12 ఖర్చుపెడుతుంది. మీ రక్తంలో అది అడుగంటింది. హోమోసిస్టీన్ అని ఇంకోటి పెరిగింది. అందుకే వేళ్లు మొద్దుబారాయి."

"అంటే మాత్ర కూడా దళారేనా మేడమ్? ఒకటి ఇప్పించి ఇంకోటి నొక్కేస్తాండాదే."

"మాత్ర మానొద్దు. ఇంజెక్షన్లు వేయించుకోండి. స్పర్శ మెల్లగా వస్తుంది."

తిరుగు బస్సెక్కితే పక్క సీట్లో వజీర్.

"ఏమప్పా, ఈ పక్క వచ్చినావు?" అడిగాడు కదిరప్ప.

"రామకుప్పంలో ఆవును సూసేకి పోయింటి. నువ్వు యాల వచ్చినావు?"

"మా మరదలికి బాగలేదు. ఆస్పత్రిలో ఉండాది."

పలమనేరు దాకా ఇద్దరూ నిద్ర నటించారు.

సూదులు పడేకొద్దీ కదిరప్ప వేళ్లలోకి ప్రాణం వచ్చింది. గొడ్డు ఒంటి వెచ్చదనం, పలుపు తాడు గరుకు, చొక్కా గుండీ అన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. సంత రోజు హుషారుగా తువ్వాలు దులిపాడు.

మొదటి బేరంలో వజీర్ వేళ్లు స్పష్టంగా తగిలాయి, కానీ ఆ నొక్కుల్లో ఏ ధరా లేదు. కదిరప్ప ఒక్క క్షణం ఆగి అతని కళ్లలోకి చూశాడు.

"దీన్ని ఉండనీ. ఆ కర్రావు దగ్గరికి పోదాం పా."

నల్లటి కర్రావు పక్కన నిలబడి మళ్లీ తువ్వాలు కప్పుకున్నారు. వజీర్ నొసలు ముడిచాడు.

"ఏందప్పా, ఇంత బిగిస్తాండావు? కొంచెం దిగు."

"దిగేది లేదు."

వజీర్ ఆకాశం వైపు చూశాడు. లెక్క వేస్తున్నట్టు పెదాలు కదిపాడు. చివరికి నిట్టూర్చాడు.

"నీతో పెట్టుకుంటే గెలిసేది ఉండదు. సరే, ఖాయం. ధర నువ్వే సెప్పు."

తువ్వాలు కింద వజీర్ అంతసేపూ నొక్కి నొక్కి బేరమాడింది కదిరప్ప వేళ్లతో కాదు, అతను చేతికందించిన కర్రావు పలుపు కొసతో.