అత్తగారి అరుచి

“తీసెయ్యమ్మాయ్, గడ్డి నమిలినట్టుంది,” అంటూ అత్తగారు పళ్ళేన్ని మంచం చివరికి నెట్టేసింది.

కోడలు పళ్ళెం అందుకుంది. కొన్నాళ్ళుగా ఇదే వరస. ఏం వండినా రెండు ముద్దలు కతికి, నోటికి రుచి లేదని వదిలేస్తోంది.

“పోనీ ఏం తినాలనుందో చెప్పండి అత్తయ్యా. చేసిపెడతాను.”

“నా చిన్నప్పుడు మా పెరట్లో నాటు టమాటాలు కాసేవి. గుమ్మడికాయలా మడతలు మడతలుగా, అరచేతి నిండా ఒక్కటే కాయ. కోస్తే పక్కింటిదాకా వాసన! ఇప్పటివీ ఉన్నాయి ఎందుకూ, రబ్బరు బంతులు. ఆ కాయ దొరికితే నాలుగు ముద్దలు దిగుతాయేమో.”

“ఎక్కడ దొరుకుతాయి?”

“కాయలు దొరకవు. మార్కెట్టు వెనక విత్తనాల కొట్లో గింజలు దొరకొచ్చు. అయినా ఎవరు వెళ్తారులే, ఎవరు పెంచుతారులే. నా ప్రాప్తం ఇంతే!” అని అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది.

కోడలు పటాలకు చట్రాలు బిగించే దుకాణంలో పనిచేసేది. అది మూతపడ్డాక వీధి మొహం చూడటం మానేసింది. భర్త గూడ్సు రైలు డ్రైవరు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. ఫోన్ చేసినప్పుడల్లా “అమ్మ తిందా?” అని అడుగుతాడు. ఏమని చెప్పాలి?

మర్నాడు తల దువ్వుకుని, చెప్పుల మీద దుమ్ము దులుపుకుని బయల్దేరింది. కొట్టు ముసలాయన చిటికెడు గింజలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు.

పళ్ళెంలో మట్టి పోసి చల్లిన మొదటి విడత మొలిచినట్టే మొలిచి, మొదళ్ళు మెత్తబడి వాలిపోయాయి. కళ్ళనీళ్ళతో పళ్ళెం తెచ్చి చూపించింది.

అత్తగారు మట్టిని వేలితో నొక్కి చూసింది. “మొక్కలకి నీళ్ళు పట్టావా, ఈత నేర్పావా?”

“ఎండిపోతాయేమోనని...”

“పైమట్టి ఆరాకే తడపాలి. మళ్ళీ చల్లు. ఈసారి నీ గది కిటికీలో పెట్టు, పొద్దుటెండ అక్కడే పడుతుంది. తెల్లారగానే తెర తియ్యాలి సుమా! మొక్కలు బారెడు పొద్దెక్కేదాకా పడుకోవు.”

రెండో విడత నిలదొక్కుకుంది. నారు జానెడయ్యాక కుండీల్లోకి మార్చి మేడ మీదికి చేర్చింది. టమాటాలకు తోడు కొత్తిమీర, పుదీనా, వరసగా బంతి మొక్కలు. అత్తగారు రోజూ సాయంత్రం మెట్లెక్కి వచ్చి, కుర్చీ వేసుకుని వంకలు పెట్టేది. మొక్కకి కట్టిన ఊతకర్ర వంకరగా ఉందనేది. పక్క పిలకలు తుంచలేదనేది. సరిగ్గా తిండి తినని మనిషికి ఇంత గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో కోడలికి అంతుపట్టేది కాదు. పాతకాలపు ఎముకలు కదా అని సరిపెట్టుకునేది.

పూత వచ్చింది కానీ పిందె పడకుండానే రాలిపోతోంది.

“గాలి ఆడని మూల పెట్టావు. పూలగుత్తిని వేలితో మెల్లగా తట్టు, పుప్పొడి రాలుతుంది. తేనెటీగలు రాకపోతే ఆ పని నువ్వే చెయ్యాలి.”

“ఝుమ్మని పాడనా కూడా?”

“పాడితే మంచిదే. నీ పాటకి భయపడైనా కాస్తాయి.”

కోడలు పకపకా నవ్వింది. నవ్వి నవ్వి పిట్టగోడకి ఆనుకుంది. అత్తగారు మాత్రం కళ్ళలో నలక పడ్డట్టు కొంగుతో ఒత్తుకుంది.

పిందెలు కాయలయ్యాయి, కాయలు రంగు తిరిగాయి. మొదటి పండు కోసిన రోజు ఇద్దరూ వంటింట్లో ఎదురెదురుగా కూర్చున్నారు. కోడలు ముక్కలు కోసి ఉప్పు చల్లింది. అత్తగారు కళ్ళు మూసుకుని నమిలింది.

“ఇదే... ఇదేనే అమ్మాయ్!”

ఆ పూట పళ్ళెం ఖాళీ అయింది. ఆ రాత్రి ఫోన్లో భర్తకి సంగతి చెప్పింది. “మా అమ్మని బతికించావు,” అన్నాడు. చాలా కాలానికి తానూ ఎవరికో పనికొచ్చానని కోడలికి నిండుగా అనిపించింది.

ఇప్పుడు మేడ మీది నారు కోసం ఇరుగుపొరుగు పళ్ళేలు పట్టుకుని వస్తున్నారు. ఆమె ఒక్కొక్కరికీ ఎలా నాటాలో చెప్పి, నీళ్ళు ఎక్కువ పోస్తే అత్తగారి డైలాగు అప్పజెప్పి మరీ పంపుతోంది.

ఒకరోజు బుట్టెడు పళ్ళతో కింద వీధిలోని రొట్టెల దుకాణానికి వెళ్ళింది. దాని యజమానిని పేట పేటంతా బన్ను బాబాయి అంటారు.

“ఇవి మీకు, బాబాయ్. మా మేడ మీద కాసినవి.”

“అబ్బో, ఏం పళ్ళమ్మా! అవునూ, అక్కయ్య ఈమధ్య కనపడటం లేదు. ఒంట్లో కులాసాయేనా?”

“ఇప్పుడు అత్తయ్య భేషుగ్గా ఉన్నారు. మొన్నటిదాకా నోటికి రుచి లేక తిండి మానేశారు కదా. ఈ టమాటాలతోనే మళ్ళీ దారిలో పడ్డారు.”

“ఎవరు, అక్కయ్యే? తిండి మానేసిందా?” బాబాయి చేతిలో పట్టకారు అలాగే ఆగిపోయింది. “మొన్నటిదాకా రోజూ ఈ స్టూలు మీదే కదమ్మా కూర్చునేది! మొదట్లో నువ్వు పగలు పడుకున్న వేళ చూసి వచ్చేది. తర్వాత నువ్వు మొక్కల దగ్గరున్న వేళ. వేడి బన్నులు రెండు, పైన వెన్న, గ్లాసుడు పాలు. వెన్న తక్కువైతే నాతో పోట్లాడేది కూడా!”

కోడలు బుట్ట గల్లా బల్ల మీద పెట్టేసింది. “మరి నాతో అలా ఎందుకు చెప్పారు?”

“నేనూ అడిగాను, ఈ దొంగతిండి ఏమిటక్కా, జబ్బని అబద్ధమెందుకని.”

“ఏమన్నారు?”

“‘జబ్బు అబద్ధం కాదు తమ్ముడూ, అది మా కోడలిది’ అంది.”