ఆముదం చిప్ప

విదేశీ విద్యార్థి ఒకడు ఫోను తన చేతుల మీదికి వంచగానే దాలమ్మ వాటిని కొంగు కింద దాచేసుకుంది.

"పిక్కలు కొట్టి కొట్టి, జీడి రసానికి కాలిపోయిన సేతులివి. ఈటికి ఫోటో ఏటి బాబూ?"

"సదువుకోడానికొచ్చినారు పిన్నీ. ఏ దేశం సరుకు ఏ దేశమెల్లి తయారౌతాదో సూస్తారట," అన్నాడు పలాస జీడి మిల్లు మేస్త్రీ గిరిబాబు.

వాళ్లలో ఆఫ్రికా అమ్మాయి ఒకతె వచ్చి దాలమ్మ పక్కన కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే, రసం అంటకుండా అక్కడున్న చిప్పలోని ఆముదం రెండు చేతులకూ పట్టించుకుంది. ఆ తర్వాతే పిక్క అందుకుని కొట్టింది. పప్పు విరక్కుండా వచ్చింది.

"ఈ పిల్లకి పని ఎవలు నేర్పినారు?"

గిరిబాబు ఇంగ్లీషులో అడిగి చెప్పాడు. "ఆళ్లమ్మట. అక్కడి పిక్కలన్నీ మన కాడికి రావడం మొదలెట్టినాక ఆళ్ల మిల్లు మూసేసినారట."

దాలమ్మ తన ముందున్న పిక్కల కుప్పను చూసింది.

"ఆ యమ్మ సేతులు మానినాయా? అడుగు."

"మానిపోనాయట పిన్నీ. మానిపోయిన కాడ్నించే ఏడుస్తన్నాదట."

మళ్లీ ఎవరో ఫోను ఎత్తారు. దాలమ్మ చేతులు దాచుకోలేదు.