పెద్ద కుటుంబం

"ఇంకొక్క బీట్‌రూట్ ఈ గుమ్మం దాటిందంటే నేను మా అక్క ఇంటికెళ్లిపోతా!" అంది భార్య, చాకు పక్కన పడేసి.

స్కూటర్ మెకానిక్ కొత్త బుట్టతో గుమ్మంలోనే ఆగిపోయాడు. ఊరి బయటి కూరగాయల తోటలో పంట వాటాకి డబ్బు కట్టినప్పటి నుంచి వారం వారం బుట్ట వస్తోంది. ఫ్రిజ్ నిండింది, బకెట్లు నిండాయి, చివరికి స్పానర్ల డబ్బాలోనూ దుంపలే. ఇతన్ని చూస్తే పక్కింటివాళ్లు తలుపేసుకుంటున్నారు.

"ఉన్నది ఇద్దరం. ఇన్ని ఎందుకు పంపుతున్నారండీ?"

"డబ్బు కట్టేటప్పుడు ఫోన్లో చిన్న కుటుంబమా, పెద్ద కుటుంబమా అని అడిగారే. మనదేమన్నా చిన్నాచితకా కుటుంబమా? పెద్దదని నొక్కా."

"అయ్యో రామా! వాళ్లడిగింది పరువు గురించి కాదు, తినే నోళ్ల గురించి!"

మెకానిక్ నాలుక కరుచుకున్నాడు. అప్పుడు చూశాడు, ఆవిడ చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. తను నొక్కిన పరువునంతా ఇన్నాళ్లూ తరిగింది ఆ చేతులే.

వెంటనే తోటకి ఫోన్ కలిపాడు. "అమ్మా, మాది చిన్న కుటుంబం కింద మార్చెయ్యి."

"పెద్దదని పెట్టారు కదా బాబాయ్?" అంది తోటలో ఫోనెత్తిన అమ్మాయి.

"కుటుంబం చిన్నదేనమ్మా. నా నోరే పెద్దది."

భార్య నవ్వు ఆపుకుంటూ చాకు అతని ముందుకు జరిపింది.

"ఈ బుట్ట మాత్రం పెద్ద కుటుంబానిదే. కూర్చుని తరగండి."